నరం ఎక్కడ ఆగుతుంది, గ్రంథి ఎక్కడ మొదలవుతుంది?

1902 జనవరి. లండన్ యూనివర్సిటీ కాలేజీ ప్రయోగశాలలో విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, మత్తులో ఉన్న కుక్క చిన్నపేగులో ఒక ముక్కను ఎంచుకుని దానికి వచ్చే నరాలన్నిటినీ తెంచేశారు. రక్తనాళాల జోలికి మాత్రం పోలేదు. తర్వాత ఆ ముక్కలో కొంచెం ఆమ్లం పోశారు. కాసేపటికే క్లోమం నుంచి జీర్ణరసం చుక్కలు చుక్కలుగా జారసాగింది. పేగులోకి ఆమ్లం వచ్చిన సంగతి క్లోమానికి ఎవరు చేరవేసినట్టు? నరం ఒక్కటీ మిగల్లేదు కదా! స్టార్లింగ్‌కు ఒక ఊహ తట్టింది. పేగు లోపలి పొరను గీకి, ఇసుకా ఆమ్లమూ కలిపి నూరి, వడగట్టి, ఆ ద్రవాన్ని కుక్క రక్తంలోకి ఎక్కించారు. క్లోమం మళ్లీ రసం కార్చింది. కబురు మోసుకెళ్లింది రక్తమేనని తేలిపోయింది. ఆ పదార్థానికి వాళ్లు పెట్టిన పేరు సెక్రెటిన్.

అప్పట్లో జీర్ణక్రియ విషయంలో రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్ మాటకు తిరుగు లేదు. క్లోమాన్ని నడిపేది నరాలేనన్నది ఆయన బృందం అభిప్రాయం. 1904లో ఆయనకు నోబెల్ వచ్చింది కూడా జీర్ణక్రియ పరిశోధనకే. అందరికీ గుర్తుండిపోయిన లాలాజలం కుక్కల కథకు కాదు. మరుసటి ఏడాది, 1905లో, స్టార్లింగ్ తన ఉపన్యాసాల్లో ‘హార్మోన్’ అనే కొత్త మాట వాడాడు. ఉసిగొల్పడం అనే అర్థమున్న గ్రీకు క్రియ నుంచి తీసుకున్న మాట అది. నరాలు, హార్మోన్లు అంటూ శరీరాన్ని రెండు శాఖలుగా విడదీసి చూసే అలవాటు గట్టిపడింది ఆ రోజుల్లోనే. నరం కరెంటు తీగ లాంటిది, హార్మోన్ టపా లాంటిది. మొదటిది వేగం, రెండోది నిదానం. పరీక్షలో రెండు మార్కులకు ఈ పోలిక సరిపోతుంది. శరీరం తీరు చూడబోతే ఇందులో ఒక్క సగమైనా పూర్తిగా నిలబడదు.

ముందు తీగ సంగతి చూద్దాం. నరంలో కబురు ఎంత వేగంతో పోతుందో కొలవడం అసాధ్యమని 19వ శతాబ్దంలో పెద్ద పెద్దవాళ్లే అనుకున్నారు. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ 1850 ప్రాంతంలో కప్ప కాలి నరం మీద కొలిచి చూపించాడు. వచ్చిన లెక్క సెకనుకు దాదాపు 27 మీటర్లు. గాలిలో శబ్దం పోయే వేగంలో ఇది పదో వంతు కూడా లేదు. రాగి తీగలో సంకేతం పరుగుతో అయితే అసలు పోలికే లేదు. నరంలో జరిగేది కరెంటు ప్రవాహమే అయితే ఇంత నెమ్మదిగా ఉండకూడదు.

నాడీకణం విశ్రాంతిలో ఉన్నప్పుడు దాని లోపలి వైపు, బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టుల మేర రుణావేశంతో ఉంటుంది. కణం పొరలోని పంపు ఒకటి మూడు సోడియం అయాన్లను బయటికి తోసి రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతూ, ఆ తేడాకు కావలసిన నిల్వలను కాపాడుతుంది. పై నుంచి కబురు అందగానే పొరలోని సోడియం ద్వారాలు తెరుచుకుంటాయి. సోడియం లోపలికి దూసుకొస్తుంది, ఆవేశం తారుమారవుతుంది. ఆ అలజడి పక్కనున్న ద్వారాలను తెరిపిస్తుంది, అవి వాటి పక్కవాటిని. ఎండుగడ్డి వరుసకు ఒక చివర నిప్పంటుకుంటే అది రెండో చివరి దాకా పాకడం లాంటిదే ఇదీ. గడ్డి ఉన్నచోటే ఉంటుంది, మంట మాత్రం ముందుకు పోతుంది. నాడీకణానికి మాత్రం గడ్డికి లేని ఒక్క సౌకర్యం ఉంది: వెయ్యో వంతు సెకను గడిచేసరికి మళ్లీ అంటుకోవడానికి సిద్ధమైపోతుంది. ఈ తతంగాన్నంతా అలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ సముద్రంలో దొరికే స్క్విడ్ లావుపాటి నాడీతంతువు మీద కొలిచి, 1952లో సమీకరణాలుగా రాశారు. పంటి డాక్టరు ఇచ్చే మత్తు ఇంజెక్షన్ పనిచేసేది కూడా ఈ సోడియం ద్వారాలను మూసే. మంటను పాకనివ్వదు, అంతే.

ఈ మంట అంటుకుంటే పూర్తిగా అంటుకుంటుంది, లేకపోతే లేదు. చిన్నది, పెద్దది అనే తేడా ఉండదు. మరి చెయ్యి మీద ఈక తాకడానికీ ఇటుక పడడానికీ తేడా మెదడుకు ఎలా తెలుస్తుంది? ఎన్ని నరాలు మోగాయి, ఎంత దగ్గర దగ్గరగా మోగాయి అన్నదాన్ని బట్టి. ఒక్కొక్క నరం సంకేతాలను విడిగా నమోదు చేసి ఈ లయ భాషను బయటపెట్టిన ఎడ్గార్ ఏడ్రియన్‌కు 1932లో నోబెల్ దక్కింది. లయ సంగతిని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే హార్మోన్ల దగ్గర మళ్లీ అదే ఎదురవుతుంది.

నరాలన్నీ ఒకే వేగంతో పరిగెత్తవు. లావుగా ఉండి, చుట్టూ మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉన్న తంతువుల్లో సంకేతం సెకనుకు 100 మీటర్లు దాటి పోగలదు. తొడుగు లేని సన్నటి తంతువుల్లో ఒక మీటరుకు అటూ ఇటూగా నడుస్తుంది. బొటనవేలు గడపకు కొట్టుకున్నప్పుడు ముందు చురుక్కుమని, ఆ వెనకాల ఒక్క క్షణం తర్వాత మండినట్టు లాగినట్టు ఇంకో నొప్పి రావడం అందరికీ అనుభవమే. దెబ్బ ఒకటే, కబురు మోసేవాళ్లు ఇద్దరు. వేలి నుంచి వెన్నుపాము దాకా ఉన్న సుమారు మీటరు దూరాన్ని మొదటివాడు పరుగు మీద దాటుతాడు. రెండోవాడు నడిచి వస్తాడు.

తీగ పోలికకు అసలు దెబ్బ తగిలేది మాత్రం నరం చివర. ఒక నాడీకణానికీ ఇంకో కణానికీ మధ్య మిల్లీమీటరులో 50 వేల వంతు ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని కబురు ఎలా దాటుతుందన్నది చాలాకాలం తగువే. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఒట్టో లోవీ 1921లో దీన్ని రెండు కప్ప గుండెలతో తేల్చాడు. ప్రయోగం ఆలోచన నిద్రలో వచ్చిందనీ, అర్ధరాత్రి లేచి కాగితం మీద గీసుకున్నది తెల్లారాక తనకే అర్థం కాలేదనీ, మరుసటి రాత్రి మళ్లీ అదే తట్టడంతో ఈసారి నేరుగా ప్రయోగశాలకే పోయాననీ ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. మొదటి గుండెకు ఉన్న వేగస్ నాడిని ప్రేరేపిస్తే గుండె నెమ్మదించింది. ఆ గుండెను తడిపిన ద్రవాన్ని తీసి, నరం లేని రెండో గుండె మీద పోస్తే అదీ నెమ్మదించింది. అంటే నరం గుండెతో మాట్లాడింది ఒక రసాయనం ద్వారా. అదే ఎసిటైల్‌కోలిన్. హార్మోన్ పుట్టింది నరం లేకుండానే కబురు పోగలదని చూపించడంతో అయితే, 19 ఏళ్లు తిరిగేసరికి నరమే ఒక రసాయనాన్ని చిమ్మి పని జరిపిస్తుందని తేలింది. బేలిస్, స్టార్లింగ్ చేసింది కూడా దాదాపు ఇలాంటి ద్రవం మార్పిడి ప్రయోగమే కావడం విచిత్రం.

ఆ ఖాళీలో పని ముగిసిన రసాయనాన్ని వెంటనే ఊడ్చేయడం, విడుదల చేయడమంత ముఖ్యం. ఎసిటైల్‌కోలిన్‌ను ముక్కలు చేయడానికి అక్కడే ఒక ఎంజైము కాచుకుని ఉంటుంది. కొన్ని రకాల పురుగుమందులు ఆ ఎంజైమునే పట్టేస్తాయి. అప్పుడు కబురు ఆగదు: లాలాజలం, చెమట, కన్నీరు కారుతూనే ఉంటాయి, కంటిపాపలు సూదిమొనల్లా కుంచించుకుపోతాయి, కండరాలు అదిరి అదిరి చివరికి చచ్చుబడతాయి. ఊపిరి తీసే కండరాలకు ఆ గతి పడితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక టపా సంగతి. థైరాయిడ్, అడ్రినల్, పీయూష గ్రంథి లాంటివి తమ రసాన్ని గొట్టం ద్వారా కాకుండా నేరుగా రక్తంలోకి వదులుతాయి. అందుకే వాటిని వినాళ గ్రంథులు అన్నారు. హార్మోన్లు నిదానం అనగానే అవి రక్తంలో తాపీగా తేలుతూ పోతాయని అనిపిస్తుంది. రక్తం ఒంట్లో ఒక చుట్టు తిరగడానికి పట్టేది దాదాపు ఒక్క నిమిషం. దారిలో జాప్యమేమీ లేదు. జాప్యమంతా ఉత్తరం విప్పి చదవడంలో ఉంది. ఇన్సులిన్, అడ్రినలిన్ లాంటివి కణం పొరను దాటలేవు. బయటి గుమ్మం దగ్గర హార్మోన్‌ను గుర్తుపట్టే గ్రాహకాన్ని తట్టితే లోపల ఇంకో అణువు పరుగు అందుకుంటుంది. ఎర్ల్ సదర్లాండ్ ఇలాంటి ఒక లోపలి వార్తాహరుణ్ణి కనిపెట్టి 1971లో నోబెల్ అందుకున్నాడు. ఇలా పనిచేసే హార్మోన్లు సెకన్లలో, నిమిషాల్లో ఫలితం చూపగలవు. కార్టిసాల్, ఈస్ట్రోజెన్ లాంటి కొవ్వులో కరిగే హార్మోన్ల దారి వేరు. అవి కణం లోపలికే పోయి, ఏ జన్యువును చదవాలో ఏది మానాలో నిర్ణయిస్తాయి. జన్యువు చదివి, ప్రొటీన్ తయారై, అది పనిలో దిగేసరికి గంటలు పడుతుంది, ఒక్కోసారి రోజులు.

రక్తంలో పడ్డ హార్మోన్ దాదాపు అన్ని అవయవాలకూ చేరుతుంది. వినేది మాత్రం గ్రాహకం ఉన్న కణమే. విన్నవాళ్లందరూ ఒకే మాట వినరు కూడా. అడ్రినలిన్ చర్మంలోని రక్తనాళాలను బిగిస్తుంది, అదే సమయంలో కదిలే కండరాల్లోని నాళాలను వదులు చేస్తుంది. భయంతో ముఖం పాలిపోయిన మనిషి కాళ్లకు మాత్రం ఎక్కడలేని బలం రావడం ఇందుకే. కబురు ఒకటే అయినా గ్రాహకాల రకాలు వేరు. అందుకే ‘ఫలానా హార్మోన్ ఫలానా భావోద్వేగానికి’ అని సోషల్ మీడియాలో తిరిగే పట్టికలను అంత నమ్మనక్కర్లేదు. ఆక్సిటోసిన్‌ను ‘ప్రేమ హార్మోన్’ అనడం మరీ అన్యాయం. దాని తిరుగులేని పనులు కాన్పులో గర్భాశయాన్ని సంకోచింపజేయడం, చంటిబిడ్డకు పాలు దిగేలా చేయడం.

ఈ పాల సంగతిలోనే రెండు వ్యవస్థల మధ్య గీత చెరిగిపోవడం కనిపిస్తుంది. బిడ్డ నోరు పెట్టగానే రొమ్ములోని నరాలు కబురును వెన్నుపాము మీదుగా మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్‌కు చేరవేస్తాయి. అక్కడి నాడీకణాల పొడవాటి తంతువులు కిందికి దిగి పీయూష గ్రంథి వెనక భాగంలో ముగుస్తాయి. మామూలు నాడీకణం తన రసాయనాన్ని పక్క కణం మీద చిమ్ముతుంది, ఇవి మాత్రం ఆక్సిటోసిన్‌ను రక్తంలోకే వదిలేస్తాయి. కొద్ది నిమిషాల్లోపే పాలు దిగుతాయి. ఇంతకీ ఆ నాడీకణాలను నరాలు అనాలా, గ్రంథి అనాలా? 1928లో ఎర్నెస్ట్ షారర్ చేప మెదడులో గ్రంథి కణాల్లా కనిపించే నాడీకణాలను గుర్తించినప్పుడు చాలామంది నమ్మలేదు. నిజానికి పీయూష గ్రంథి వెనక భాగం గ్రంథే కాదు, మెదడు కిందికి వేలాడదీసిన కొస. ఒంట్లో నీటిని కాపాడే వాసోప్రెసిన్ కూడా అక్కణ్ణుంచే రక్తంలోకి వస్తుంది. అది లోపిస్తే మూత్రపిండాలు నీటిని వెనక్కి పట్టుకోలేక, రోజుకు లీటరో రెండో పోవలసిన మూత్రం పది లీటర్లు కూడా దాటవచ్చు.

పీయూష గ్రంథి ముందు భాగం నిజంగా గ్రంథే, పైనుంచి దానికి నరాలు దాదాపు రావు. కానీ దాన్ని అజమాయిషీ చేసేదీ మెదడేనని బ్రిటన్‌కు చెందిన జెఫ్రీ హారిస్ 1940లలో వాదించాడు. హైపోథాలమస్ నుంచి గ్రంథికి దిగే చిన్న రక్తనాళాల జాలం ఉంది, మెదడు తన హార్మోన్లను ఆ దారిన పంపుతుందని ఆయన చెప్పాడు. అలాంటి హార్మోన్ ఒకదాన్ని పట్టి చూపించడానికి అమెరికాలో రోజర్ గిల్మిన్, ఆండ్రూ షాలీ బృందాలు పోటీపడి లక్షల కొద్దీ గొర్రెల, పందుల మెదళ్ల నుంచి హైపోథాలమస్ ముక్కలు సేకరించి నూరాయి. అన్ని కిలోల కణజాలం నుంచి దక్కింది మిల్లీగ్రాముల లెక్క. 1969లో దాని నిర్మాణం తేలింది: మూడే మూడు అమైనో ఆమ్లాలు. థైరాయిడ్‌ను కదిలించే గొలుసుకు మొదటి కొక్కెం అదే. 1977 నోబెల్‌లో ఇద్దరికీ వాటా దక్కింది. మిగతా వాటా రోజలిన్ యాలోది. రక్తంలో అతి సూక్ష్మ మోతాదులో ఉన్న హార్మోన్లను కొలిచే పద్ధతిని ఆమె అభివృద్ధి చేసింది. ఆ కొలత లేకపోతే ఈ శాస్త్రం ఇంత దూరం వచ్చేదే కాదు.

ఆ గొలుసు ఇలా సాగుతుంది. హైపోథాలమస్ పీయూష గ్రంథికి చెబుతుంది. అది టీఎస్‌హెచ్ అనే హార్మోన్‌ను వదిలి థైరాయిడ్‌ను తడుతుంది. థైరాయిడ్ టీ4, టీ3 హార్మోన్లను వదులుతుంది. ఆ రెండూ రక్తంలో పెరగగానే పై ఇద్దరికీ ‘ఇక చాలు’ అన్న కబురు అందుతుంది. రక్తపరీక్ష కాగితం చూసి చాలామంది తికమకపడేది ఇక్కడే. థైరాయిడ్ మందగిస్తే టీఎస్‌హెచ్ పెరుగుతుంది, తగ్గదు. పనివాడు బద్ధకిస్తే మేస్త్రీ కేకలు పెరిగినట్టు. టీ4 కాస్త తగ్గినా టీఎస్‌హెచ్ ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి, సమస్యను ముందుగా పట్టిచ్చేది ఆ కేకలే. మేస్త్రీకే ఒంట్లో బాగాలేకపోతే, అంటే పీయూష గ్రంథే దెబ్బతింటే, టీఎస్‌హెచ్ ఒక్కటి చూసి నిర్ణయానికి రావడం మోసమవుతుంది. థైరాయిడ్ మాత్ర మోతాదు మార్చాక ఆరు వారాలు ఆగి మళ్లీ పరీక్ష చేయించమనడం వెనకా లెక్క ఉంది. టీ4 రక్తంలో సగానికి తగ్గడానికి ఏడు రోజులు పడుతుంది. కొత్త మోతాదు దగ్గర అది స్థిరపడాలంటే అలాంటి ఐదు వారాలైనా గడవాలి. ఇన్సులిన్‌కు ఇదే సగం కాలం ఐదారు నిమిషాలు మాత్రమే.

ఇదే ‘చాలు’ అన్న కబురు బయటి నుంచి వచ్చినా శరీరం నమ్మేస్తుంది. నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడేవారిలో పైనుంచి పిలుపు ఆగిపోయి, పనిలేని అడ్రినల్ గ్రంథుల పై పొర కుంచించుకుపోతుంది. మాత్రలు ఒక్కసారిగా మానేస్తే ఆ గ్రంథులు వెంటనే నిద్ర లేవవు. రక్తపోటు పడిపోయి ప్రమాదం ముంచుకొస్తుంది. డాక్టర్లు మోతాదును మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రమ్మనేది అందుకే.

లయ సంగతి ఇప్పుడు మళ్లీ వస్తుంది. అండాశయాలను, వృషణాలను నడిపే గొలుసుకు పైకొసన ఉన్న హైపోథాలమస్ హార్మోన్ ఏకధాటిగా కారదు. సుమారు గంటకో గంటన్నరకో ఒకసారి తడవ తడవగా వస్తుంది. కోతుల మీద ఎర్నెస్ట్ నోబిల్ బృందం 1970లలో చేసిన ప్రయోగాల్లో, అదే హార్మోన్‌ను ఆగకుండా ఎక్కిస్తే పీయూష గ్రంథి స్పందించడం మానేసింది. తడవలుగా ఇస్తే మళ్లీ పనిచేసింది. మోతాదు కంటే తాళం ముఖ్యమన్నమాట. ఈ గుణాన్నే వైద్యం తిరగేసి వాడుకుంటోంది. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో టెస్టోస్టెరాన్‌ను ఆపడానికి, ఈడు రాకముందే మొదలైన యవ్వన మార్పులను నిలపడానికి ఇచ్చే ఇంజెక్షన్లు కొన్ని, నిజానికి ఈ హార్మోన్‌ను పోలినవే. ఎప్పుడూ మోగే గంటను ఎవరూ పట్టించుకోరు. ఏడ్రియన్ నరాల్లో విన్న లయ భాషను గ్రంథులూ మాట్లాడతాయి.

ఆశ్చర్యానికి పరాకాష్ఠ మూత్రపిండాల నెత్తిన టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు. ఒక్కొక్కటి ఐదు గ్రాముల లోపే. పై పొర పుట్టుకతోనే గ్రంథి. లోపలి భాగం పిండ దశలో నరాలు పుట్టిన కణజాలం నుంచే వచ్చింది. తంతువులు లేని నాడీకణాలవి. నరం వచ్చి తట్టగానే అడ్రినలిన్‌ను రక్తంలోకి చిమ్ముతాయి. ప్రమాదం ఎదురైనప్పుడు సెకన్లలో గుండె దడదడలాడేది ఇందుకే. పీయూష గ్రంథి మీదుగా పై పొరకు పిలుపు వచ్చి కార్టిసాల్ పెరగడానికి నిమిషాలు పడుతుంది. ఈ రెండు భాగాలూ పక్కపక్కన ఎందుకున్నాయో కూడా తెలిసింది. పై పొర నుంచి లోపలికి పారే రక్తంలోని కార్టిసాల్, నారడ్రినలిన్‌ను అడ్రినలిన్‌గా మార్చే ఎంజైమును పెంచుతుంది. అసలు నారడ్రినలిన్ నరం చివర విడుదలైతే నాడీ రసాయనం, రక్తంలో పడితే హార్మోన్. అణువు అదే, పేరు మాత్రం అది ప్రయాణించిన దూరాన్ని బట్టి.

గ్రంథుల జాబితా కూడా పాత పుస్తకాల్లో ఉన్నంత చిన్నదేం కాదు. గుండె ఒక హార్మోన్‌ను వదులుతుంది. మూత్రపిండం ఎర్ర రక్తకణాల తయారీకి పిలుపునిస్తుంది. కొవ్వు కణాలు వదిలే లెప్టిన్ 1994లో బయటపడ్డాక, కొవ్వును ఒట్టి నిల్వ సరుకుగా చూడటం కుదరలేదు.

రెండు వ్యవస్థలను కలిపి చూడకపోతే ఏమవుతుందో మధుమేహం చూపిస్తుంది. మెదడుకు ప్రధాన ఇంధనం గ్లూకోజే. అందుకే రక్తంలో అది డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల దగ్గరికి పడిపోగానే గ్లూకగాన్, అడ్రినలిన్ రంగంలోకి దిగుతాయి. చెయ్యి వణకడం, చెమట పట్టడం, గుండె దడ: ఇవి మెదడు మొద్దుబారకముందే నాడీవ్యవస్థ మోగించే హెచ్చరికలు. ఇన్సులిన్ వాడేవారిలో చక్కెర పదే పదే పడిపోతుంటే ఆ హెచ్చరిక మొదలయ్యే గీత కిందికి జారుతుంది. చివరికి ఏ వణుకూ లేకుండానే మాట తడబడి, మనిషి స్పృహ తప్పే స్థితి వస్తుంది. రక్తపోటుకు వాడే బీటా బ్లాకర్ మాత్రలు కూడా వణుకునూ దడనూ కప్పేయగలవు. చెమటను మాత్రం అవి ఆపలేవు, ఎందుకంటే చెమట గ్రంథులకు వచ్చే నరాలు మాట్లాడేది లోవీ కప్ప గుండెలో దొరికిన ఎసిటైల్‌కోలిన్‌తో. చక్కెర పడిపోకుండా కొన్ని వారాల పాటు జాగ్రత్తపడితే, మూగబోయిన ఆ హెచ్చరిక చాలామందిలో కొంతవరకైనా తిరిగి వస్తుంది.